యాభై ఎనిమిది ఓట్లు

"ఓటు పడింది," అన్నాడు జిల్బేర్ ఫార్జ్.

అద్దాల పెట్టె మీది పిడి నొక్కగానే మూత తెరుచుకుంది, కవరు లోపల పడింది, గంట చిన్నగా మోగి అంకె నూట ఎనభై ఏడుకి మారింది. ఎదురుగా ఉన్న ముసలాయన టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుని చెయ్యి చాపాడు. జిల్బేర్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మోకాలు ఎలా ఉందని అడిగాడు. వాల్‌రోష్‌లో ఓటు వేయడమంటే ఇంతే. కవరు పెట్టెలో పడాలి, మేయరు చెయ్యి కలపాలి, మోకాలి సంగతో ఆవు సంగతో వాకబు చేయాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పెట్టె వెనకాల కూర్చుంటున్నది జిల్బేరే. పోలింగుకి అధ్యక్షుడు మేయరే, పోటీ చేసేదీ మేయరే, సాయంత్రం ఫలితం పైకి చదివేదీ మేయరే. ఇందులో ఎవరికీ ఎప్పుడూ తప్పు కనిపించలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు.

పోలింగు జరిగే గది ఒకప్పటి బడి. జిల్బేర్ రాజకీయాల్లోకి రాకముందు పదకొండేళ్ళు ఆ గదిలోనే పాఠాలు చెప్పాడు. పిల్లలు చాలక బడి మూతపడి నాలుగేళ్ళయింది గానీ, కోట్లు తగిలించుకునే కొక్కేలు మాత్రం ఇంకా పిల్లల ఎత్తులోనే ఉన్నాయి. పెద్దవాళ్ళ తడి కోట్లు వాటికి వేలాడి నేలను తుడుస్తున్నాయి. పారిస్‌లో ఎన్ని కుర్చీలెక్కినా, ఏడాదిన్నర చిన్న మంత్రిగా కూడా వెలిగినా, ఊళ్ళో ఆయన మాస్టారే. పోయిన జూన్‌లో పార్లమెంటు కుర్చీ పోయింది. పార్టీ కమిటీలోంచి ఆయన పేరు ఎప్పుడు తీసేశారో ఆయనకి ఉత్తరం కూడా రాలేదు. ఇక మిగిలింది ఈ మేయరు పదవి ఒక్కటే, దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

పదకొండు గంటలకి లాబోర్ద్ దంపతులు వచ్చారు. గదిలో మాటలు కాస్త తగ్గాయి. ముందు దెని ఓటు వేశాడు, ఆ తర్వాత సెవెరీన్ వచ్చి పెట్టె ముందు నిలబడింది.

"ఓటు పడింది," అని జిల్బేర్ చెయ్యి చాపాడు.

సెవెరీన్ తన గుర్తింపు కార్డుని సంచిలో పెట్టుకుంటోంది. రెండు చేతులతోనూ పెట్టుకుంటోంది. కార్డు పెట్టి, జిప్పు లాగి, మళ్ళీ తీసి, మళ్ళీ లాగింది. జిల్బేర్ చెయ్యి గాల్లోనే ఉంది. చివరికి దెనియే మొహమాటపడి వెనక్కి వచ్చి ఆ చేతిని గబుక్కున పట్టుకుని ఊపాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

డిసెంబరులో వాళ్ళకి పాప పుట్టింది. పక్క పట్నం మోన్‌తర్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎత్తేసి అప్పటికి రెండేళ్ళు. ఇప్పుడు పురుడంటే డెబ్బై కిలోమీటర్లు పోవాలి. ఆ రోజు మంచు. కారు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆగిపోయింది. వెనక సీట్లో పుట్టిన ఆ పిల్లకి క్లెమాన్స్ అని పేరు పెట్టారు, ఇరవై నిమిషాలు బతికింది. అంబులెన్సు నలభై నిమిషాలకి వచ్చింది. పాపని పూడ్చినప్పుడు ఊరంతా వెళ్ళింది. జిల్బేర్ కూడా వెళ్ళాడు, అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు.

సాయంత్రం ఆరింటికి తలుపు మూసి లెక్కింపు మొదలుపెట్టారు. బల్ల చుట్టూ నలుగురు. ఆయన కింద ఉప మేయరుగా ఉండే పశువుల వ్యాపారి బెర్నార్ వియాల్ కవర్లు తెరుస్తాడు, కాఫీ హోటలు పొలెత్ పేర్లు చదువుతుంది, రిటైరైన రోడ్డు మేస్త్రి ఫెర్నాన్, అతని చెల్లెలు చెరో కాగితం మీదా గీతలు పెడతారు. ఆఫీసు గుమాస్తా సొలాంజ్ నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. బల్ల చుట్టూ జనం గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఈ ఊరి ఓటు కాగితం మీద పదకొండు పేర్లు అచ్చయి ఉంటాయి. నచ్చనివాడి పేరు గీత పెట్టి కొట్టేయవచ్చు. కావలసినవాడి పేరు పైన చేత్తో రాసుకోవచ్చు, వాడు పోటీలో ఉండాల్సిన పని కూడా లేదు. సగం మందికి పైగా ఒప్పుకుంటే మొదటి ఆదివారమే ఊరి కౌన్సిల్లో సభ్యుడు. లేకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ ఓటు, అప్పుడు ఎక్కువ వచ్చినవాడిదే సీటు. సభ్యులైన పదకొండు మందీ కూర్చుని తమలో ఒకణ్ణి మేయరుగా ఎన్నుకుంటారు.

"ఫార్జ్, వియాల్, బోనే..." అని పొలెత్ మొదలుపెట్టింది.

జాబితాలో మొదటి పేరు జిల్బేర్‌ది. అంచేత ఆయన ప్రతి కాగితానికీ మొదటి మాట మాత్రమే విన్నాడు. ఫార్జ్ అంటే బతికినట్టు. వియాల్ అంటే కొట్టేసినట్టు. మొదటి పది కాగితాల్లో నాలుగు వియాల్‌తో మొదలయ్యాయి. ఇరవై దాటేసరికి ఫెర్నాన్ పెన్సిలు ఆయన వరసలో ఆగి ఆగి నడుస్తోంది. ఎప్పుడూ ఎవరో పది పదిహేను మంది కొట్టేసేవాళ్ళే, చెరువు గట్టు తగాదా ఉన్నవాళ్ళూ, రోడ్డు వేయలేదని అలిగినవాళ్ళూ. ఇప్పుడలా లేదు. కొన్ని గీతలు సన్నగా ఉన్నాయి, కొన్ని కాగితం చిరిగేలా ఉన్నాయి. జిల్బేర్ మొహం మీద నవ్వు చెదరలేదు. నలభై ఏళ్ళు అభ్యాసం చేసిన నవ్వు అది.

అప్పుడు పొలెత్ ఒక కాగితం పట్టుకుని ఆగిపోయింది. చదవలేదు. బల్ల మీదుగా జిల్బేర్ వైపు జరిపింది.

ఫార్జ్ పేరు కొట్టేసి, దాని పైన నీలి సిరాతో రాసి ఉంది: క్లెమాన్స్ లాబోర్ద్.

గది మొత్తం ఆయన్నే చూస్తోంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో జిల్బేర్‌కి తెలుసు, నిబంధనలన్నీ కంఠతా వచ్చు. బడిలో లెక్క తప్పు చూపించినట్టు స్పష్టంగా, కొంచెం గట్టిగా అన్నాడు.

"ఆ పేరు చెల్లదు. మిగతా పదీ లెక్కపెట్టండి."

పొలెత్ కాగితం వెనక్కి తీసుకుని మిగతా పదీ చదివింది.

ఓటర్లు మూడు వందల పద్దెనిమిది. వేసినవి రెండు వందల అరవై రెండు, చెల్లినవి రెండు వందల యాభై ఏడు. గెలవడానికి కావలసింది నూట ఇరవై తొమ్మిది. ఫలితం జిల్బేర్ నిలబడి చదివాడు. బెర్నార్ వియాల్, రెండు వందల ముప్పై ఒకటి, ఎన్నికయ్యారు. అలా పది పేర్లు చదివి చివర తన పేరు చదివాడు. "జిల్బేర్ ఫార్జ్, నూట ఇరవై ఒకటి. ఎన్నిక కాలేదు." చదివి కాగితం మడిచి, మేయరు ఇచ్చే మర్యాద ప్రకారం అందరికీ వైన్ పోయించాడు. జనం తాగారు. ఒక్కరు కూడా ఓటు మాట ఎత్తలేదు, వానల గురించి మాట్లాడుకున్నారు.

బెర్నార్ ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. "మాస్టారూ, మనసులో పెట్టుకోకండి. ఎవరికి వాళ్ళు, నేనొక్కణ్ణీ ఒక చిన్న మొట్టికాయ వేస్తే ఏం పోయింది, మిగతావాళ్ళు గెలిపిస్తారులే అనుకున్నారు. అందరూ అదే అనుకుంటే ఇలాగే అవుతుంది."

"నువ్వేమనుకున్నావ్?"

"నేను మీ పేరు ఉంచేశాను మాస్టారూ. నాకు మేయరు పని అంటగడతారని భయం. ఆ కాగితాలూ, ఆ జిల్లా ఆఫీసు ఫోన్లూ, నావల్ల కాదు. వచ్చే ఆదివారం ఉన్నది ఒక్క సీటు. నిలబడేది మీరొక్కరే. ఒక్క ఓటు పడ్డా, మీ ఓటు మీరే వేసుకున్నా, గెలిచినట్టే."

ఆ మాటతో జిల్బేర్ కాస్త తేరుకున్నాడు. నిజమే. ఈసారి ఓడడానికి వీల్లేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య ఎలెన్ సూపు వేడి చేస్తోంది. ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. వాల్‌రోష్‌లో కబురు మనిషికంటే ముందు ఇల్లు చేరుతుంది.

"కొట్టేశావా నువ్వు కూడా?" అని అడిగాడు, కోటు విప్పకుండానే.

"లేదు. నలభై ఏళ్ళుగా వేస్తున్నాను, ఇవాళా వేశాను," అంది ఎలెన్ గరిటె తిప్పుతూ. "వేసి ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. జిల్బేర్, ఆ పసిపిల్ల పేరు చెల్లదని అందరి ముందూ అన్నావటగా?"

"నిబంధన అది. చచ్చిపోయినవాళ్ళకి ఓటు చెల్లదు."

"చెల్లదని అందరికీ తెలుసు. రాసినవాడికి అంతకంటే బాగా తెలుసు."

ఆయన సూపు తాగాడు. ఉప్పు తక్కువైందని అన్నాడు. ఎలెన్ ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టి వెళ్ళి పడుకుంది.

సోమవారం పొద్దున్న పార్టీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నారన్నారు. మధ్యాహ్నం చేస్తే భోజనానికి వెళ్ళారన్నారు. ఒకప్పుడు ఆయనే ఉద్యోగం ఇప్పించిన పిల్ల ఫోనెత్తింది, ఇంటిపేరు ఎలా రాయాలండీ అని అడిగింది. అక్షరం అక్షరం చెప్పాడు. మంగళవారం జిల్లా పత్రికలో మూడు వాక్యాల వార్త వచ్చింది: మాజీ మంత్రికి సొంత ఊళ్ళో చుక్కెదురు. ఆ పత్రిక పొలెత్ హోటల్లో కౌంటరు మీద రోజంతా ఒకే పుట తెరిచి ఉంది.

ఆయన లోపలికి వచ్చేసరికి పొలెత్ గ్లాసులు తుడుస్తూ ఎవరికో చెబుతోంది. "మన మాస్టారికి పాపం ఉన్నది ఒక్కటే గుడ్డ, ఆ పదవి పట్టీ. ఇక్కడ మేయరుగా కట్టుకుంటే మూడు రంగుల్లో నీలం మెడ వైపుకి రావాలి. పారిస్‌లో కట్టుకుంటే ఎరుపు మెడ వైపుకి రావాలి. వార్డు మూయొద్దని ఊరేగింపులో నడిచినప్పుడు నీలం పైకి పెట్టారు. అక్కడికెళ్ళి చెయ్యెత్తినప్పుడు ఎరుపు పైకి పెట్టారు. గుడ్డ తిప్పి కట్టుకోవడమే, ఖర్చేముంది." అని ఆయన్ని చూసి, ఏమాత్రం తొణక్కుండా, "రండి మాస్టారూ, కాఫీయేనా?" అంది.

"కాఫీయే," అన్నాడు జిల్బేర్. ఆ జోకు కొత్తది కాదు, ఆయన ఎదుట అనడం మాత్రం కొత్త. మామూలు ధర తీసుకుంది, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

బుధవారం ఇళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. ఓడడానికి వీల్లేని ఎన్నిక కోసం ఇల్లిల్లూ తిరగడం ఎందుకని ఎలెన్ అడిగితే, మర్యాద కోసం అన్నాడు. అసలు సంగతి వేరు. ఒక్క ఓటుతో గెలవడం ఆయనకి సరిపోదు. నూట ఇరవై తొమ్మిది కావాలి. ముందు ఆదివారం లెక్క పొరపాటని, ఊరు తనదేనని అంకె చెప్పాలి.

ప్రతి ఇంట్లోనూ ఒకటే మర్యాద. వంటింటి బల్ల తుడిచి కూర్చోబెట్టారు, ప్లం పళ్ళ సారా చిన్న గ్లాసులో పోశారు, బంగాళదుంపలు పెట్టి కాల్చిన రొట్టె ముక్క కోసి పెట్టారు. "మేం కాదు మాస్టారూ," అన్నారు. "ఎవరో తెలీదు గానీ మేం మాత్రం కాదు." గుట్ట మీద ఒంటరిగా ఉండే మదాం రుసేల్ అయితే ఆయన భుజం తట్టి ఓదార్చింది. నలభై ఇళ్ళు తిరిగినా ఆయన పేరు కొట్టేసినవాడు ఒక్కడు కూడా కనబడలేదు. మరి ఆ నూట ముప్పై ఆరు గీతలూ ఎవరు పెట్టినట్టు? దొంగకి తేలు కుట్టినట్టు ఒక్కరూ నోరు మెదపరు. అందరూ మంచివాళ్ళే, అందరూ ఆయన దగ్గర పలకా బలపం పట్టినవాళ్ళే. మూడో రోజుకి ఆయనకి సారా పడక కడుపులో మంట మొదలైంది.

లాబోర్ద్ వాళ్ళ ఇంటిని చివరికి ఉంచాడు. శుక్రవారం సాయంత్రం కారు వాళ్ళ దొడ్లో ఆపాడు. దెని ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పాక వైపు చెయ్యి చూపించాడు.

సెవెరీన్ దూడకి పాలు తాగడం నేర్పుతోంది. తల్లి దగ్గరికి రానీయని దూడ అది. బకెట్టులో చెయ్యి ముంచి, రెండు వేళ్ళు దూడ నోట్లో పెట్టి, అది చప్పరిస్తుంటే మెల్లగా తలని కిందికి వంచుతోంది, మూతి పాలలో మునిగేదాకా. దూడ తుమ్మి తల ఎగరేసింది. పాలు ఆమె మొహం మీద చిందాయి. భుజంతో తుడుచుకుని మళ్ళీ వేళ్ళు ముంచింది.

"కూర్చోమనడానికి ఇక్కడ కుర్చీ లేదు," అంది.

"పరవాలేదమ్మా." ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బూట్ల కింద గడ్డి తడిగా ఉంది. "ఆదివారం నేనన్న మాట నీదాకా వచ్చే ఉంటుంది. నిబంధన అది. కానీ నేను ఇంకోలా అనాల్సింది."

"ఎలా అంటారు?"

ఎత్తిపొడుపు కాదది. ఆమె తల తిప్పి నిజంగానే అడిగింది. జిల్బేర్ వెతికాడు. పార్లమెంటులో కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడగలిగిన మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

"ఆ కాగితం నాది కాదు," అంది సెవెరీన్. "దెనిది కూడా కాదు. ఎవరు రాశారో మాకు తెలీదు. నేను మీ పేరు కొట్టేశాను, అంతే. ఆ పేరు నేను రాయలేను."

ఊరు మొత్తంలో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. జిల్బేర్‌కి ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది.

"వార్డు కోసం నేను కొట్లాడాను సెవెరీన్. ఊరేగింపుకి నువ్వూ వచ్చావు."

"వచ్చాను. మీరు పట్టీ వేసుకుని ముందు నడిచారు. తర్వాత నెల టీవీలో చూపించారు, ఆసుపత్రుల బిల్లుకి చెయ్యెత్తారు."

"పార్టీ నిర్ణయం అది. ఎత్తకపోతే టికెట్టు ఇచ్చేవాళ్ళు కాదు, ఇంకెవడో వచ్చేవాడు, వాడూ ఎత్తేవాడు. నేను ఎత్తకపోయినా వార్డు మూసేవాళ్ళే. ఒక్క చెయ్యి అది."

"అవును," అంది సెవెరీన్. "నాదీ ఒక్క గీతే."

దూడ పట్టు దొరికించుకుని గటగటా తాగడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు మెల్లగా బయటికి లాగింది. అది గమనించకుండా తాగుతూనే ఉంది. జిల్బేర్ అది చూస్తూ నిలబడ్డాడు.

"నన్నేం చేయమంటావో చెప్పు."

"ఏమీ లేదు మాస్టారూ. మీరేం చేసినా ఏమీ లేదు." కోపంగా అనలేదు, మందు అయిపోయిందని చెప్పినట్టు అంది. "వార్డు తెరిచినా ఇప్పుడు నాకెందుకు?"

"ఆదివారం వస్తావా?"

"రాను. దూడలకి మందు పట్టే రోజు."

కారు వెనక్కి తీస్తుంటే దెని వచ్చి, గేటు స్తంభానికి తగలకుండా చేత్తో సైగలు చేశాడు. ఇటు, ఇటు, ఇంకొంచెం, చాలు. రోడ్డెక్కేదాకా నిలబడి చెయ్యి ఊపాడు. జిల్బేర్ మలుపు తిరిగి కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. ఇంటికి వెళ్ళి ఎలెన్‌తో, లాబోర్ద్ వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు అన్నాడు.

రెండో ఆదివారం ఎండ కాసింది. జనం బాగానే వచ్చారు. ఒక్క సీటుకి, ఒక్క మనిషికి ఇంతమంది వస్తారని బెర్నార్ కూడా అనుకోలేదు. ఒక్కొక్కరే కవరు తీసుకున్నారు, తెర చాటుకి వెళ్ళారు, వచ్చారు. "ఓటు పడింది." గంట మోగింది. ప్రతి ఒక్కరూ చెయ్యి కలిపారు. నిన్నటిదాకా లేని ఆప్యాయత ఏదో ఆ చేతుల్లో ఉన్నట్టు జిల్బేర్‌కి తోచింది. తనని ఓడించామని సిగ్గుపడుతున్నారు, దిద్దుకోవడానికి వచ్చారు అనుకున్నాడు. మదాం రుసేల్ ఆయన చేతిని అందరికంటే ఎక్కువసేపు పట్టుకుంది. ఎలెన్ పదింటికి వచ్చి, ఓటు వేసి, భర్తతో కూడా అందరిలాగే చెయ్యి కలిపి వెళ్ళింది. పోలింగు గదిలో వాళ్ళిద్దరికీ అది ఎప్పుడూ ఉన్న సరదాయే.

మధ్యాహ్నం సొలాంజ్ వంగి ఆయన చెవిలో అంది. "మాస్టారూ, మీ పేరు అచ్చేసిన కాగితాల కట్ట తరగడం లేదు."

"ఇళ్ళకి పంపినవి తెచ్చుకున్నారేమో సొలాంజ్."

"ఇళ్ళకి పంపలేదండీ. టైము లేదు కదా."

జిల్బేర్ కట్ట వైపు చూశాడు. చూసి, తర్వాతి మనిషి కోసం పిడి మీద చెయ్యి వేశాడు.

ఆరింటికి తలుపు మూశారు. రెండు వందల నలభై కవర్లు. ఆ నలుగురే బల్ల దగ్గర కూర్చున్నారు. బెర్నార్ మొదటి కవరు తెరిచి కాగితం విప్పకుండానే పొలెత్‌కి అందించాడు. నోటు పుస్తకంలోంచి చింపిన తెల్ల కాగితం అది. పొలెత్ విప్పింది. చదవలేదు.

"చదవండి," అన్నాడు జిల్బేర్.

"క్లెమాన్స్ లాబోర్ద్."

బెర్నార్ రెండోది తెరిచాడు.

"క్లెమాన్స్ లాబోర్ద్."

మూడోది, నాలుగోది కూడా అదే. అయిదోది జిల్బేర్ ఫార్జ్. ఆరోది మళ్ళీ క్లెమాన్స్ లాబోర్ద్. ఫెర్నాన్ పెన్సిలు పట్టుకుని సొలాంజ్ వైపు చూశాడు. ఆయన కాగితం మీద ఉన్నది ఒక్కటే వరస, ఒక్కటే పేరు. "నేను ఎక్కడ గీయను?" అని అడిగాడు. సొలాంజ్ పుస్తకం తెరిచింది, వేలు పెట్టి చదివింది, మూసేసింది. "దానికి వరస లేదు," అంది. ఫెర్నాన్ కాసేపు ఆలోచించి, స్కేలు లేకుండా చేత్తోనే కింద ఇంకో వరస గీసుకుని, అందులో నాలుగు గీతలు పెట్టి, అయిదోది అడ్డంగా కొట్టాడు. రోడ్డు పని చేసిన చెయ్యి, గీతలు లావుగా పడ్డాయి. ఎవరూ వద్దనలేదు.

పొలెత్ చదువుతూనే ఉంది. చర్చిలో పేర్లు చదివినట్టు ఒకే స్థాయిలో, ఒకే వేగంతో చదివింది. యాభై దాటాక ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. మగవాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పెట్టుకున్నారు. ఎవరు ఎవరికి చెప్పారో, ఎప్పుడు అనుకున్నారో జిల్బేర్‌కి అర్థం కాలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం చూస్తే వాళ్ళకీ తెలియనట్టే ఉంది. ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుని వచ్చినట్టున్నారు. సెవెరీన్ లేదు, దెని లేడు. వాళ్ళ పాక ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు.

లెక్క తేలింది. క్లెమాన్స్ లాబోర్ద్, నూట డెబ్బై ఒకటి. ఖాళీ కవర్లు పదకొండు. జిల్బేర్ ఫార్జ్, యాభై ఎనిమిది.

"ఇప్పుడేం చేయాలి సొలాంజ్?" అని అడిగాడు జిల్బేర్, ఆయనకి తెలుసు అయినా.

సొలాంజ్ ఆయన మొహం చూడకుండా చెప్పింది. "చెల్లనివి జిల్లా ఆఫీసుకి పంపాలండీ. ఒక్కోదాని మీదా అధ్యక్షుడూ, బల్ల దగ్గరి నలుగురూ సంతకం పెట్టాలి."

జనం వెళ్ళలేదు. నిలబడి చూశారు. జిల్బేర్ పెన్ను మూత తీసి మొదటి కాగితం ముందుకు లాక్కున్నాడు. పేరు కింద, మూలన, జి. ఫార్జ్. బెర్నార్ వైపు జరిపాడు. రెండోది. జి. ఫార్జ్. మూడోది. పదో కాగితం దగ్గర చేతిరాతలు కనిపించడం మొదలైంది. అన్నీ ఆయనకి తెలిసిన రాతలే. లాబోర్ద్ మొదటి అక్షరానికి అడుగున చిన్న ముడి వేయడం ఈ గదిలో, ఈ గోడ మీది నల్లబల్ల మీద ఆయన నేర్పిందే. నలభై ఏళ్ళవాడు, యాభై ఏళ్ళవాడు, ఇంకా ఆ ముడి అలాగే వేస్తున్నారు. కొందరు తప్పు పోకుండా అక్షరాలు విడివిడిగా దిద్దారు, పరీక్ష రాసినట్టు. మదాం రుసేల్ వణికే చేతి రాత ఒకటి. బెర్నార్ కొడుకుది ఒకటి. దాన్ని చూసి బెర్నార్ సంతకం పెట్టడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

నూట ముప్పయ్యో, నూట నలభయ్యో కాగితం. ఊదా రంగు సిరా, కుడి వైపుకి వాలిన సన్నటి అక్షరాలు. వంటింట్లో సరుకుల చీటీ మీద రోజూ చూసే రాత. జిల్బేర్ పెన్ను కాగితం మీద ఆగింది. అక్కడ చిన్న సిరా చుక్క పడింది. ఆ చుక్కని వేలితో అద్ది, పక్కన సంతకం పెట్టి, బెర్నార్‌కి జరిపాడు. ఆ తర్వాత వచ్చిన కాగితాల రాతలు ఆయన చూడలేదు, మూల మాత్రమే చూసి పెట్టుకుంటూ పోయాడు.

నూట డెబ్బై ఒకటీ అయ్యేసరికి ఏడున్నర దాటింది. సొలాంజ్ వాటిని దారంతో కట్టి కవర్లో పెట్టింది. ఫలితాల కాగితం ఆయన చేతికిచ్చింది.

జిల్బేర్ లేచి నిలబడ్డాడు. ఒప్పుకోనని చెబుదామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఈ పదవి నాకు వద్దు, నేను తప్పుకుంటున్నాను అనే రెండు ముక్కలు నాలుక చివర పెట్టుకునే లేచాడు. ఎప్పుడూ లేనంత తేలికగా కూడా అనిపించింది. గది మొత్తం ఆ మాట కోసమే చూస్తోంది. బెర్నార్ తల ఎత్తాడు. పొలెత్ బల్ల మీది చేతులు ముడుచుకుంది. ఆ ఒక్క మాట అంటే ఇక్కడున్న వాళ్ళలో ఎవరో ఒకరు తన దగ్గరికి వస్తారని జిల్బేర్‌కి తెలుసు.

"ఓటర్లు మూడు వందల పద్దెనిమిది," అని చదివాడు. "ఓటు వేసినవాళ్ళు రెండు వందల నలభై. చెల్లనివి నూట ఎనభై రెండు. చెల్లినవి యాభై ఎనిమిది."

ఆగాడు.

"జిల్బేర్ ఫార్జ్, యాభై ఎనిమిది ఓట్లు." కాగితం కొంచెం పైకెత్తాడు, చూపు ఆనక కాదు. "ఎన్నికయ్యారు."

జనం కదిలారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. కొక్కేల దగ్గర వంగి కోట్లు తీసుకున్నారు, ఒకళ్ళ కోటు ఒకళ్ళకి అందించుకున్నారు. పోసి ఉంచిన వైన్ గ్లాసులు అలాగే ఉన్నాయి. బెర్నార్ తల దించుకుని కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. మదాం రుసేల్ మాత్రం కర్ర పోటేసుకుంటూ బల్ల దాకా వచ్చింది.

"మాస్టారూ, రేపు ఆఫీసు తెరుస్తారా? పోయిన మా ఆయన పింఛను కాగితం మీద మేయరు సంతకం కావాలన్నారు."

"మేయరు ఎన్నిక శుక్రవారం మదాం. అప్పటిదాకా..." అని ఆగి, "అప్పటిదాకా కూడా నేనేలెండి," అన్నాడు.

"శుక్రవారం తర్వాతా మీరేగా. ఇంకెవరున్నారు?" అంది ఆమె. ఆ మాటలో ద్వేషం లేదు, ప్రేమా లేదు. "తొమ్మిదింటికి రానా?"

"తొమ్మిదింటికి రండి," అన్నాడు జిల్బేర్.